జనగణమన కథ ఇంట్లో పిల్లలకు చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు 15 దగ్గర పడుతుంటే మా అపార్ట్‌మెంట్‌లో అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు దాదాపు ఏటా ఒకటే. మా ఇద్దరు పిల్లలకూ, పక్క ఫ్లాట్ల పిల్లలకూ శనివారం సాయంత్రాలు ఈ పాట కథ చెబుతూ వచ్చాను. పిల్లలు నన్ను అడిగినవీ, పెద్దవాళ్ళు అడిగినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. పాటలోని మాటకు అర్థం తెలిసిన పిల్ల ఆ పాటను వేరేగా పాడుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను, అందుకే ఇంత శ్రద్ధగా రాస్తున్నాను.

ఏ వయసు నుంచి మొదలుపెట్టొచ్చు?

పాట నోటికి రాగానే మొదలుపెట్టొచ్చు. ఒకటో తరగతి పిల్లకు మాటల అర్థం చాలు. మూడు, నాలుగు తరగతుల్లో దేశపటం పెట్టుకుని కూర్చోవచ్చు. 1911 నాటి గొడవలు, ఈ పాట ఇంగ్లండ్ రాజు కోసం రాశారన్న వివాదం లాంటివి ఆరో తరగతి దాటాక బాగా ఎక్కుతాయి. అంతకుముందే పిల్లలే అడిగితే మాత్రం దాటవేయకండి.

ముందు చరిత్ర చెప్పాలా, అర్థం చెప్పాలా?

అర్థమే. తేదీలు తర్వాత వాటంతట అవే వస్తాయి.

నా చిన్నప్పుడు మా బడిలో ఈ పాట తప్పు పాడితే యాభైసార్లు రాయించేవారు. అర్థం మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పదేళ్ళు రోజూ పాడాను, ఏం పాడుతున్నానో తెలియకుండానే పాడాను. నా పిల్లలకు అలా కాకూడదనుకున్నాను.

మొదటి రోజు మా చిన్నది "ఉచ్ఛల జలధి తరంగ" దగ్గర నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. తెలుగు పిల్లలందరూ అక్కడ నవ్వుతారు, ఎందుకో మీకు తెలుసు. కోప్పడలేదు. వాళ్ళ నాన్న విశాఖ బీచ్‌లో తీసిన వీడియో చూపించాను. అల లేచి, ఎగిరి, విరిగి పడుతోంది. "ఇదిగో, ఇదే ఉచ్ఛల. ఎగసిపడేది. జలధి అంటే సముద్రం, తరంగం అంటే అల" అన్నాను. వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. ఆ తర్వాత ఆ చోట నవ్వలేదు. పైగా చేత్తో అలలా చూపిస్తూ పాడేది.

చ కాదు, చ్ఛ అని ఒత్తి పలకడం కూడా అప్పుడే నేర్పండి. ఒత్తు పడితే సగం నవ్వు పోతుంది.

ఒక్కో మాటకీ అర్థం తేలిగ్గా ఎలా చెప్పాలి?

ఇంట్లో వాడే మాటలతో ముడిపెట్టండి. పాట బెంగాలీదే అయినా సంస్కృత పదాలు ఎంత దట్టంగా ఉన్నాయంటే తెలుగువాళ్ళకు సగం ముందే తెలుసు.

"జాగే" అంటే మేలుకోవడం. శివరాత్రి జాగారంలో ఉన్నది ఇదే. మా పిల్లలు మొదట దాన్ని జాగు చేయడం, అంటే ఆలస్యం అనుకున్నారు. "మాగే" దగ్గర మామిడిపండు మాగడం గుర్తొస్తుంది, కానీ ఇక్కడ అర్థం అడగడం, కోరడం. హిందీ వచ్చిన పిల్లలకు మాంగ్‌నా అంటే చాలు. "గాహే" అంటే పాడతాయి, మన గానం నుంచి పట్టుకోవచ్చు. "తవ" అంటే నీ. అమ్మమ్మ చదివే స్తోత్రాల్లో వినే ఉంటారు. "దాయక" అంటే ఇచ్చేవాడు, ఫలదాయకంలో లాగా. "భాగ్య విధాత" అంటే నుదుటి రాత రాసేవాడు.

అన్నీ కలిపి మా ఇంట్లో చెప్పుకునేది ఇది: అందరి మనసులనూ ఏలేవాడా, భారతదేశపు నుదుటి రాత రాసేవాడా, నీకు జయం. పంజాబు, సింధు, గుజరాత్, మహారాష్ట్ర, ద్రావిడ, ఉత్కళ, వంగ దేశాలు, వింధ్య హిమాలయాలు, యమునా గంగలు, ఎగసిపడే సముద్రపు అలలు అన్నీ నీ పేరు వింటూ మేలుకుంటాయి, నీ దీవెన అడుగుతాయి, నీ జయగాథ పాడతాయి.

ఉత్కళ అంటే ఒడిశా, వంగ అంటే బెంగాల్ అని విడిగా చెప్పాలి. లేకపోతే పటంలో వెతుక్కుంటారు.

పాటలో మన తెలుగు పేరు ఎందుకు లేదు?

ప్రతి పిల్లా అడుగుతుంది, అడగాలి కూడా. మనం "ద్రావిడ"లో ఉన్నాం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే దక్షిణ దేశమంతటికీ కలిపి ఆ ఒక్క మాట. పాట రాసిన 1911లో ఆంధ్ర రాష్ట్రం లేదు, తెలంగాణ రాష్ట్రం లేదు. తెలుగువాళ్ళు కొందరు మద్రాసు ప్రెసిడెన్సీలో, కొందరు నిజాం రాజ్యంలో ఉండేవారు. ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలన్న మాట పెద్ద ఎత్తున వినిపించిన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913లో, అంటే పాట పుట్టిన తర్వాత.

అస్సాం, కాశ్మీర్ పేర్లు కూడా లేవని మా పెద్దవాడు కనిపెట్టాడు. కవి రాసింది పాట, జనాభా లెక్కల జాబితా కాదు అని చెప్పాను. కొన్ని పేర్లు పలికి దేశమంతటినీ తలచుకోవడం కవుల పద్ధతి.

సింధు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది కదా, మరి పాటలో ఎలా ఉంది?

పాట రాసినప్పుడు దేశం ఒకటే. 1947లో విభజన జరిగింది, సింధ్ ఆవలికి వెళ్ళింది, లక్షల మంది సింధీలు ఇల్లూ వాకిలీ వదిలి ఈవలికి వచ్చారు. ఆ మాట తీసేయాలని సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళారు. 2005లో కోర్టు ఆ కేసును కొట్టేసింది, సింధు అలాగే ఉండిపోయింది. మీ ఊళ్ళో బట్టల వ్యాపారంలోనో మిఠాయి వ్యాపారంలోనో సింధీ కుటుంబం ఉంటే పిల్లలకు చెప్పండి. ఆ ఒక్క మాటలో వాళ్ళ ఊరు ఉంది.

ఎవరు రాశారు, మొదట ఎక్కడ పాడారు?

రవీంద్రనాథ్ ఠాగూర్ రాశారు, 1911లో. ఆ ఏడాది డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి పాడారు. 1912 జనవరిలో ఆయన సంపాదకులుగా ఉన్న తత్త్వబోధినీ పత్రికలో "భారత భాగ్య విధాత" అన్న పేరుతో అచ్చయింది. మొత్తం ఐదు చరణాలు. మనం పాడేది మొదటిది మాత్రమే.

ఇది ఇంగ్లండ్ రాజు జార్జిని పొగుడుతూ రాసిన పాటంట, నిజమేనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు కాస్త పొడుగ్గానే చెప్పాలి. వాట్సాప్‌లో ఇది ఏటా తిరుగుతుంది, బడిలో ఎవరో ఒక పిల్లాడు పట్టుకొస్తాడు.

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1911 డిసెంబర్ 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి బెంగాల్ విభజనను రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. 1905 నుంచి బెంగాలీలు పోరాడుతున్నది దానికోసమే. అందుకని రెండు వారాల తర్వాత జరిగిన కాంగ్రెస్ సభలో రాజుకు కృతజ్ఞతలు చెబుతూ ఒక తీర్మానం పెట్టారు. అదే రోజు ఠాగూర్ పాట పాడారు. అదే రోజు రాంభుజ్ చౌధురి రాసిన వేరే హిందీ పాట కూడా పాడారు. రాజును పొగిడింది ఆ హిందీ పాట. ఇంగ్లీషువాళ్ళ పత్రికలు కొన్ని రెండింటినీ కలిపేసి, ఠాగూర్ రాజుకు స్వాగత గీతం రాశాడని అచ్చేశాయి. దేశీయుల పత్రికలు సరిగానే రాశాయి. కానీ తప్పు వార్తకు కాళ్ళు ఎక్కువ.

1937లో ఠాగూర్ స్వయంగా ఒక ఉత్తరంలో దీనికి జవాబు చెప్పారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒక మిత్రుడు రాజు మీద పాట రాయమని అడిగాడట. ఆ మాటకు తన మనసు కలవరపడిందనీ, అప్పుడే భారత భాగ్య విధాతకు జయం పలుకుతూ ఈ పాట రాశాననీ చెప్పారు. యుగయుగాలుగా ఈ దేశపు రథాన్ని నడిపే ఆ సారథి ఐదో జార్జి కాదు, ఆరో జార్జి కాదు, మరే జార్జీ కాలేడని తేల్చేశారు.

పిల్లలకు ఇది చెప్పేటప్పుడు మూడో చరణం కూడా చదివి వినిపించండి. అందులో "హే చిరసారథి, తవ రథచక్రే" అని ఉంది. యుగయుగాల సారథి అంటున్నారు. "ఒక మనిషి యుగాల తరబడి రథం తోలగలడా?" అని అడిగితే పదేళ్ళ పిల్లవాడు కూడా జవాబు తనే చెప్పేస్తాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1915లో ఠాగూర్‌కు "సర్" బిరుదు ఇచ్చింది. 1919 ఏప్రిల్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. మే నెలాఖరులో ఆయన వైస్రాయికి ఉత్తరం రాసి ఆ బిరుదు వదులుకున్నారు.

మదనపల్లెకూ ఈ పాటకూ సంబంధం ఏమిటి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది.

1919 ఫిబ్రవరి చివర్లో దక్షిణదేశంలో తిరుగుతూ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. అనీ బిసెంట్ 1915లో పెట్టిన కళాశాల అది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. ఒక సాయంత్రం విద్యార్థులు పాటలు పాడుకుంటుంటే ఠాగూర్ కూడా వచ్చి కూర్చున్నారు. తనూ ఒకటి పాడతానని జనగణమన అందుకున్నారు. మొదటి చరణం వింటుంటే దేశాలూ కొండలూ నదుల పేర్లతో భూగోళ పాఠంలా అనిపించిందని జేమ్స్ కజిన్స్ తర్వాత రాసుకున్నారు. "జయ హే" దగ్గరికి వచ్చేసరికి విద్యార్థులంతా గొంతు కలిపారు.

రాయలసీమ కుర్రాళ్ళు, బెంగాలీ రానివాళ్ళు, ఆ పాట కట్టినాయన పక్కనుండగా "జయ హే" అంటున్న ఆ సాయంత్రాన్ని పిల్లలకు కళ్ళకు కట్టినట్టు చెప్పండి. నేను చెప్పినప్పుడు మా వాడు "అప్పుడు వాళ్ళకి అది జాతీయ గీతం అని తెలీదు కదా" అన్నాడు. అవును, తెలీదు. ఎవరికీ తెలీదు.

అక్కడే ఫిబ్రవరి 28న ఠాగూర్ పాటను ఇంగ్లీషులోకి అనువదించి "ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా" అని పేరు పెట్టారు. భారతదేశపు ఉదయగీతం అన్నమాట. మార్గరెట్ కజిన్స్ ఆయన చెంత కూర్చుని బాణీకి స్వరాలు రాశారు. బిరుదు వదులుకుంటూ వైస్రాయికి ఉత్తరం రాసింది దాదాపు మూడు నెలల తర్వాత. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి పిల్లలకు చూపించండి.

కళాశాల ఇప్పటికీ ఉంది. సెలవుల్లో హార్సిలీ హిల్స్ వెళ్ళే కుటుంబాలు మదనపల్లె మీదుగానే వెళ్తుంటాయి. కాసేపు ఆగి ఈ కథ అక్కడే చెబితే పుస్తకం అక్కర్లేదు.

మరి జాతీయ గీతం ఎప్పుడైంది?

1950 జనవరి 24న, గణతంత్ర దినానికి రెండు రోజుల ముందు. రాజ్యాంగ సభ చివరి సమావేశంలో బాబూ రాజేంద్రప్రసాద్ ప్రకటించారు. ఓటింగ్ జరగలేదు, ఆయన ప్రకటనే నిర్ణయం. సభ్యులు రాజ్యాంగం మీద సంతకాలు పెట్టింది కూడా ఆ రోజే.

దానికి ముందు రెండు మంచి కథలున్నాయి. ఒకటి జర్మనీలో. 1942 సెప్టెంబర్ 11న హాంబర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ ఉన్న సభలో అక్కడి ఆర్కెస్ట్రా జనగణమనను భారత జాతీయ గీతంగా వాయించింది. తర్వాత బోస్ పెట్టిన ఆజాద్ హింద్ ప్రభుత్వం కోసం ఈ పాటను తేలిక హిందుస్తానీలో "శుభ్ సుఖ్ చైన్" అని తిరగరాశారు. అందులో చెయ్యి ఉన్న ఆబిద్ హసన్ మన హైదరాబాదీ. జైహింద్ అన్న నినాదం కూడా ఆయనదే అంటారు. బోస్ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయల్దేరినప్పుడు వెంట ఉన్న భారతీయుడు ఆయనే. జలాంతర్గామి అనగానే మగపిల్లలు, ఆడపిల్లలు అందరూ దగ్గరికి జరుగుతారు.

రెండోది న్యూయార్క్‌లో, 1947లో. ఐక్యరాజ్యసమితి సభలో మీ జాతీయ గీతం ఇవ్వండి అని మన ప్రతినిధులను అడిగారు. అప్పటికి మనకు అధికారికంగా ఏదీ లేదు. దగ్గరున్న జనగణమన రికార్డు ఇచ్చారు. ఆర్కెస్ట్రా వాయిస్తే అందరికీ నచ్చిందని, ఇతర దేశాలవాళ్ళు స్వరాలు అడిగి తీసుకున్నారని మరుసటి ఏడాది నెహ్రూ రాజ్యాంగ సభలో చెప్పారు.

జాతీయ గీతం, జాతీయ గేయం ఒకటేనా?

కాదు. జాతీయ గీతం జనగణమన. జాతీయ గేయం వందేమాతరం, బంకిం చంద్ర చటర్జీ రాసింది. పరీక్షల్లో పిల్లలు ఇక్కడే తడబడతారు. వందేమాతరానికీ సమాన గౌరవం ఉంటుందని 1950 నాటి ప్రకటనలోనే ఉంది.

రెంటికీ పోటీ ఉన్నట్టు మాత్రం చెప్పకండి. 1896 కలకత్తా కాంగ్రెస్‌లో వందేమాతరం పాడింది స్వయంగా ఠాగూరే.

మన దగ్గర దీనికి పెద్ద కథే ఉంది. 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక అక్కడి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుంటే, వాళ్ళలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావును ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో ఆ పాట పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేస్తే నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. పాట పాడితే చదువు పోతుందని తెలిసీ పాడారు. ఏడో తరగతి పిల్లకు ఇది అర్థమవుతుంది.

యునెస్కో మన పాటను ప్రపంచంలో ఉత్తమ గీతంగా ప్రకటించిందా?

లేదు. అది అబద్ధపు ఫార్వర్డ్. మన పాట గొప్పదని చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు. తాతయ్య పంపిన మెసేజ్ అయినా సరే, పిల్లల ముందు ప్రేమగా సరిదిద్దండి.

ఎలా నిలబడాలి? టీవీలో వచ్చినా లేవాలా?

నిటారుగా, చేతులు పక్కకు పెట్టి, కదలకుండా. పూర్తి పాట దాదాపు 52 సెకన్లు. మా ఇంట్లో పిల్లలే ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పాడతారు. సాగదీస్తే 70 దాటుతుంది, తొందరపడితే 45కే అయిపోతుంది. 52కు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పాడతారు. చెప్పకుండానే వంద సార్లు ప్రాక్టీస్ అయిపోతుంది. మొదటి, చివరి పాదాలు మాత్రమే పాడే చిన్న రూపం కూడా ఉంది, అది 20 సెకన్లు.

వార్తాచిత్రంలోనో డాక్యుమెంటరీలోనో భాగంగా వస్తే ప్రేక్షకులు లేవనక్కర్లేదని కేంద్ర హోంశాఖ నియమాల్లోనే ఉంది. సినిమా హాళ్ళలో తప్పనిసరిగా వేయాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది, 2018 జనవరిలో దాన్ని హాలు వాళ్ళ ఇష్టానికి వదిలింది. మా ఇంట్లో ఆగస్టు 15 జెండా వందనం చూసేటప్పుడు అందరం లేస్తాం. మా అత్తగారు మోకాళ్ళ నొప్పితో కుర్చీలోనే నిటారుగా కూర్చుంటారు. అదీ గౌరవమే అని పిల్లలకు చెప్పాను.

తరగతిలో ఒక పిల్ల నిలబడింది కానీ పాడలేదు. మా వాడు వచ్చి కంప్లైంట్ చేశాడు. ఏం చెప్పాలి?

కేరళలో ముగ్గురు పిల్లల కథ చెప్పండి. వాళ్ళ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు, కానీ అందరితో పాటు గౌరవంగా నిలబడేవారు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయి, దాన్ని పలచన చేయవద్దు అని రాశారు. గీతాన్ని గౌరవించడం రాజ్యాంగంలోని 51ఏ అధికరణం ప్రకారం మన బాధ్యత. పక్కనున్న పిల్ల పెదవులు కనిపెట్టి చూడడం మన పని కాదు.

మేం అమెరికాలో ఉంటాం. పిల్లలకు రెండు గీతాలు గజిబిజి అవుతాయా?

అవ్వవు. రెండు భాషలు మాట్లాడే పిల్లలకు రెండు పాటలు ఒక లెక్కా? అక్కడి గీతం 1814లో బాల్టిమోర్ కోట మీద బాంబుల వర్షం చూసి పుట్టింది, 1931లో అధికారికమైంది. మనది యుద్ధం చూసి పుట్టింది కాదు. ఈ తేడా వాళ్ళతోనే చెప్పించండి. ఒక్క చిన్న జాగ్రత్త, అక్కడ గుండె మీద చెయ్యి పెడతారు, జనగణమనకు చేతులు పక్కనే ఉండాలి. ఠాగూర్ రాసిన ఇంకో పాట బంగ్లాదేశ్ జాతీయ గీతం అని చెబితే బంగ్లాదేశీ స్నేహితులున్న పిల్లలు ఎగిరి గంతేస్తారు.

మిగతా చరణాలు కూడా నేర్పాలా?

కంఠస్థం అక్కర్లేదు, ఒకసారి చదివి వినిపిస్తే చాలు. రెండో చరణంలో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారశీకులు, ముసల్మానులు, క్రైస్తవులు అందరి పేర్లూ వస్తాయి. నాలుగో చరణంలో చిమ్మచీకటి రాత్రి, బాధతో స్పృహ తప్పి పడున్న దేశం, ఒళ్ళో పెట్టుకుని కాపాడే తల్లి. ఐదోదానిలో తెల్లవారుతుంది, తూర్పుకొండ నుదుట సూర్యుడు పొడుస్తాడు, పక్షులు పాడతాయి. మదనపల్లెలో ఉదయగీతం అని పేరు ఎందుకు పెట్టారో అప్పుడు పిల్లలకే తెలుస్తుంది. నేను ఈ రెండు చరణాలూ కరెంటు పోయిన ఒక రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని చదివాను. ఐదోది అయ్యేదాకా ఇద్దరూ నిద్రపోలేదు.